కిట్‌లో అమ్మోనియా తక్కువే, అయినా రొయ్య పడిపోతా ఉంది: మైపాడు వైపు ఒక గుంట కేసు

ఇది రొయ్యల గుంటలు చేసేవాళ్ళ కోసం రాస్తున్నా, కానీ ఇందులో ఉండే సైన్స్ అంతా పదో తరగతి లోపలిదే. ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చడం, బాటిల్లో ఉన్న గ్యాస్ ఏదో కాగితం ముక్కతో కనిపెట్టడం, పీహెచ్ (నీళ్ళు యాసిడ్ వైపున్నాయా క్షారం వైపున్నాయా చెప్పే అంకె) మారితే ఏమవుద్దో తెలియడం, అంతే. నేను నీళ్ళ టెస్టింగ్ పని చేస్తా, నెల్లూరు నుంచి కోస్తా మండలాలకి తిరుగుతుంటా, ఈ కేసు పూర్తిగా రాయాలని ఎందుకు అనుకున్నానంటే ఇలాంటి గుంటల్లో రొయ్యని గ్యాస్ ఎంత చంపుతుందో, ఏ గ్యాసో తెలుసుకోకుండా కొట్టే మందు కూడా అంతే చంపుతుంది.

గుంట ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు. రెండెకరాలు, వన్నామీ రకం రొయ్య, ఎకరాకి లక్ష పిల్ల, నీళ్ళు నాలుగున్నర అడుగులు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు నాలుగు. పిల్ల వేసి అరవై రోజులు దాటింది, కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) 80 దగ్గర ఉంది. నవంబర్ నెల. మన జిల్లాకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనంలోనే కదా, వాయుగుండం పట్టి రెండు రోజులు వదలకుండా కురిసింది, కరెంటు పోయింది, జనరేటర్ మీద రెండు ఏరియేటర్లే తిరిగాయి, అవి కూడా అప్పుడప్పుడు.

వాన తగ్గాక ఫోన్ వచ్చింది. "అన్నా, అమ్మోనియా కొట్టేసినట్టుండాది, విసురు వల ఏస్తే అడుగునించి సచ్చిన రొయ్యే వస్తుండాది, పైన ఒక్కటి కూడా తేల్లేదు, మందుల షాపాయన పీహెచ్ దించమన్నాడు, బెల్లం తవుడు డ్రమ్ముల్లో పులియబెట్టినాం, రాత్రికి పోసేస్తాం" అన్నాడు రైతు. నేను వచ్చేదాకా ఒక్క చెంబు కూడా పోయొద్దన్నా అని చెప్పి బయల్దేరా.

షాపాయన చెప్పింది తలా తోకా లేని మాట ఏం కాదు, ఎండాకాలంలో ఆకుపచ్చ నీళ్ళలో మధ్యాహ్నం పీహెచ్ 8.8, 9 కొట్టినప్పుడు అమ్మోనియా నిజంగానే చంపుతుంది, అప్పుడు పీహెచ్ దించడం సరైన పనే. కానీ ఇది వానాకాలం.

గట్టు మీదకి పోంగానే నేను ముందు అడిగేది రికార్డు పుస్తకం. కాపలా కుర్రాడు పుస్తకం బాగానే రాస్తున్నాడు, టెంపరేచర్ గడిలో 30, 31, 30 అని వరసగా ఉంది, వాన మొదలైన కాడ్నించి ఒక్కసారిగా 80, 79, 79. పక్కన మీటర్ పాడైంది అని రాసి ఉంది. "ఏంది అబ్బయా ఇది" అంటే "నీళ్ళు ఎనభై ఉంటయ్యా సార్, ఉడికిపోవా, అందుకే దాన్ని పట్టించుకోలా" అన్నాడు. ఆ కుర్రాడి తప్పు లేదు. ఆ డిజిటల్ థర్మామీటర్‌కి పక్కన చిన్న బటన్ ఉంటుంది, ఒకసారి నొక్కితే సెల్సియస్, ఇంకోసారి నొక్కితే ఫారెన్‌హీట్, తడి చేతుల్లో ఎప్పుడో నొక్కుకుపోయింది. మీటర్ బ్రహ్మాండంగా పనిచేస్తా ఉంది, చెప్పాల్సింది చెప్తానే ఉంది, కాకపోతే వేరే స్కేల్లో.

79ని మార్చి చూద్దాం. అసలు లెక్క: 32 తీసెయ్యాలి, 5తో గుణించాలి, 9తో భాగించాలి. ఎందుకంటే నీళ్ళు గడ్డకట్టేది సెల్సియస్‌లో 0, ఫారెన్‌హీట్‌లో 32. మరిగేది ఇక్కడ 100, అక్కడ 212. మధ్యలో ఇక్కడ 100 మెట్లు, అక్కడ 180 మెట్లు, 180కి 100 అంటే 9కి 5. ఇంతే సూత్రం, బట్టీ పట్టే పని లేదు. గట్టు మీద కాలిక్యులేటర్ లేకపోతే ఇంకా తేలిక దారి ఉంది, 32 తీసేసి మిగిలిన దాంట్లో సగం తీసుకుని ఆ సగంలో పదో వంతు కలపడం. 79లో 32 పోతే 47, సగం 23.5, పదో వంతు 2.35, మొత్తం 25.85. కచ్చితమైన లెక్క 26.1, పావు డిగ్రీ తేడా, గుంట పనికి ఇది చాలు. తిరగేసి సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కి అయితే రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసేసి, 32 కలిపితే సరిగ్గా వచ్చేస్తుంది, 30 అయితే 60, అందులో 6 పోతే 54, 32 కలిపితే 86. (1742లో సెల్సియస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు మొదట పెట్టిన స్కేల్లో నీళ్ళు మరిగేది 0, గడ్డకట్టేది 100, తర్వాత దాన్ని తిరగేశారు. స్కూల్ పిల్లలకి ఇది చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.)

అంటే ఏమైంది, పై నీళ్ళు 30 నుంచి 26కి పడిపోయాయి. నాలుగు డిగ్రీలు పడితే వన్నామీ తిండి తగ్గించేస్తుంది, దానికి 28 నుంచి 32 మధ్య హాయి. కానీ ఇక్కడ మేత 30 డిగ్రీల లెక్కలోనే పడతా ఉంది, పైగా చెక్ ట్రేలో (రొయ్య మేత తింటుందో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే పళ్ళెం) మేత త్వరగా అయిపోతుందని ఇంకొంచెం పెంచారు. నన్ను ఆపేసింది ఇదే, రొయ్య చస్తుంటే ట్రే ఖాళీ అవడమేంది? ట్రేలన్నీ గట్టు దగ్గరే ఉన్నాయి. మధ్యలో ఉండలేక రొయ్యంతా గట్టు పక్కకి చేరితే ట్రేలో మేత ఖాళీ అవుద్ది, మధ్యలో చల్లిన మేత మాత్రం తినే దిక్కులేక కుళ్ళుద్ది. ట్రే చూసి మేత పెంచితే పెంచిందంతా ఆ మధ్యకే పోద్ది.

అందుకని పడవలో మధ్యకి పోయి అడుగు నీళ్ళు తీశాం. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు, బిరడా ఉన్న బాటిల్‌కి రాయి కట్టి, బిరడాకి వేరే తాడు కట్టి దించడం, అడుగుకి చేరాక బిరడా లాగితే అక్కడి నీళ్ళే నిండుతాయి. అడుగు టెంపరేచర్ 84 ఫారెన్‌హీట్, అంటే 28.9. పైన 26.1, అడుగున 28.9. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, తేడా 5 ఫారెన్‌హీట్ కదా, దీన్ని మార్చాలంటే మళ్ళీ 32 తీయబోతారు, మైనస్‌లోకి పోద్ది. తేడాని మార్చేటప్పుడు 32 జోలికి పోకూడదు, అది రెండు వైపులా ఉండేదే కాబట్టి కొట్టేసుకుపోయింది, 5ని 5తో గుణించి 9తో భాగిస్తే 2.8 డిగ్రీల సెల్సియస్.

అడుగు నీళ్ళు పై నీళ్ళ కంటే వేడిగా ఉన్నాయి. మామూలుగా వేడి నీళ్ళు తేలిక, పైకి రావాలి. రాలేదంటే వాటిని కిందే పట్టి ఉంచే బరువు ఇంకేదో ఉండాలి, అది ఉప్పు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే పైన సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు, 5 పీపీటీ (వెయ్యిలో 5 వంతులు), అడుగున 14. వాన నీళ్ళు పాల మీద మీగడలాగా పైన పరుచుకున్నాయి, కింద పాత ఉప్పునీళ్ళు. ఉప్పులో 9 పీపీటీ తేడా తెచ్చే బరువు ముందు మూడు డిగ్రీల వేడి తెచ్చే తేలిక లెక్కలోకి రాదు. ఆ రెండు పొరలు కలవకపోతే పైన గాలి తగిలినా ఆక్సిజన్ కిందకి దిగదు. డీవో మీటర్ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) కూడా అదే చెప్పింది, లీటరుకి మిల్లీగ్రాముల్లో పైన 6.1, అడుగున 0.8. రొయ్య ఉండేది అడుగున.

ఇప్పుడు గ్యాసుల దగ్గరికి వద్దాం. అమ్మోనియా కిట్‌లో పై నీళ్ళకి 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు), అడుగు నీళ్ళకి 2 పీపీఎం వచ్చింది, రైతు మొహం వాడిపోయింది. కానీ కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో రెండు రూపాలుంటాయి, ఒకటి అమ్మోనియం అయాన్, అంత విషం కాదు, రెండోది గ్యాస్ రూపంలో కరిగి ఉన్న అమ్మోనియా, మొప్పల్లోంచి లోపలికి దూరి చంపేది ఇదే. ఏది ఎంత అనేది పీహెచ్, టెంపరేచర్ రెండూ కలిసి తేలుస్తాయి. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5 అయితే విషం భాగం 2.5 శాతం చిల్లర, 8 అయితే 7.5 శాతం, 8.5 అయితే 20 శాతం, 9 అయితే 45 శాతం దాకా. మంచినీళ్ళ లెక్క ఇది, ఉప్పునీళ్ళలో ఇంకొంచెం తక్కువే ఉంటుంది. మన గుంటలో పైన పీహెచ్ 7.6, అడుగున 7.0. పైన 1 పీపీఎంలో విషం 0.024, అడుగున 2 పీపీఎంలో 0.015. చచ్చేంత లేదు. ఈ టేబుల్స్ అన్నీ సెల్సియస్‌లోనే ఉంటాయి, బుక్కులో 79 అని ఉంటే టేబుల్‌లో ఏ గడి చూస్తారు? అసలు చూడటమే మానేస్తారు, ఇక్కడ జరిగింది అదే.

అమ్మోనియా కాకపోతే ఏది? బాటిల్ మూత తీయంగానే కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. కానీ వాసన మీద ఆగకూడదు, ఎంత ఉందో ముక్కు చెప్పలేదు. గుంట మధ్యలోంచి ఒక బాటిల్ బురద, ఏరియేటర్ దగ్గర గట్టు పక్క నుంచి ఒక బాటిల్ బురద తీసుకున్నాం, రెండూ సగం సగం. కెమికల్స్ షాపుల్లో దొరికే లెడ్ అసిటేట్ కాగితం తడిపి బాటిల్ మెడలో వేలాడదీసి మూత పెట్టాం, బురదకి తగలకూడదు, గాలి మాత్రమే తగలాలి. మధ్య బురద బాటిల్లో కాసేపటికే కాగితం గోధుమ రంగుకి తిరిగి తర్వాత నల్లబడింది, గట్టు బురద బాటిల్లో తెల్లగానే ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే సీసం లెడ్ సల్ఫైడ్ అయిపోద్ది, అది నలుపు. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడేది కూడా ఇదే రకం రసాయనం వల్ల, అక్కడ సిల్వర్ సల్ఫైడ్. పక్కనే తడి ఎర్ర లిట్మస్ కూడా పెట్టాం, నీలం కాలేదు. అయితే లిట్మస్ మారలేదు కాబట్టి అమ్మోనియా లేదని అనుకోవద్దు, ఒకటి రెండు పీపీఎం నీళ్ళ మీద గాలిలో ఉండే అమ్మోనియాకి లిట్మస్ కదలదు, దానికి కిట్టే కావాలి.

కొందరు బురదలో యాసిడ్ చుక్కలు వేసి కాగితం నల్లబడింది చూశారా అని భయపెడతారు. యాసిడ్ వేస్తే ఏ నల్ల బురదైనా కాగితాన్ని నల్లగా చేస్తుంది, ఎందుకంటే ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్, అంటే ఇనుము పట్టేసుకుని కూర్చోబెట్టిన సల్ఫైడ్, యాసిడ్ దాన్ని విడిపించి గ్యాస్ చేస్తుంది. గుంటలో యాసిడ్ లేదు కదా. యాసిడ్ లేకుండా కాగితం నల్లబడిందా లేదా, అదొక్కటే నాకు లెక్క. ఈ కాగితంలో సీసం ఉంటుంది, గ్లౌజులు వేసుకుని పట్టుకోండి, గుంటలోకి విసరొద్దు, పిల్లలకి ఇవ్వొద్దు.

కర్ర పెట్టి కెలికితే బుడగలు కూడా వచ్చాయి, కాపలా కుర్రాడు అగ్గిపుల్ల తీయబోయాడు, వాడు యాడనో వీడియోలో బురద గ్యాస్ మండటం చూసినాడంట. అది మీథేన్, 1776లో వోల్టా ఇటలీలో మాగియోరే సరస్సు ఒడ్డున ఇట్టాగే కర్రతో కెలికి పట్టిన గ్యాస్. కానీ ఉప్పునీళ్ళ బురదలో కథ వేరు, సముద్రం నీళ్ళలో లీటరుకి 2.7 గ్రాముల దాకా సల్ఫేట్ ఉంటుంది, ఆక్సిజన్ అయిపోయాక సల్ఫేట్‌ని వాడుకుని బతికే బ్యాక్టీరియా ముందు మేలుకుంటాయి, అవి వదిలేదే హైడ్రోజన్ సల్ఫైడ్. సల్ఫేట్ ఉన్నంతవరకు మీథేన్ చేసే వాటికి పెద్దగా చోటు దొరకదు. మంచినీళ్ళ చేపల చెరువు అనుభవంతో ఉప్పు గుంటని చూడకూడదనేది ఇందుకే.

ఈ కేసులో ప్రాణం ఇక్కడుంది: పీహెచ్‌తో అమ్మోనియా ఒక వైపు నడిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ దానికి ఎదురు నడుస్తుంది. పీహెచ్ పెరిగితే అమ్మోనియాలో విషం భాగం పెరుగుతుంది. సల్ఫైడ్‌లో మాత్రం పీహెచ్ తగ్గే కొద్దీ విషం పెరుగుతుంది, 8 దగ్గర విషపు గ్యాస్ రూపం పదో వంతు లోపు, 7 దగ్గర సగం, 6.5 దగ్గర నాలుగింట మూడు వంతులు. అడుగున 7.0 ఉన్న గుంటలో ఆ రాత్రి పులిసిన బెల్లం పోసి ఉంటే పీహెచ్ ఇంకా దిగేది, దానికి తోడు బెల్లం తినే బ్యాక్టీరియా ఆ మిగిలిన 0.8 ఆక్సిజన్‌ని కూడా లాగేసేవి. తెల్లారేసరికి ఏం మిగిలేదో నాకు తల్చుకోబుద్ధి కాలేదు. రైతుకి పేపర్ మీద రెండు గీతలు గీసి చూపించా, ఒకటి ఎక్కేది, ఒకటి దిగేది, ఆయన చదివింది ఐదో తరగతి, చూడంగానే "అంటే అక్కడికి మందు, ఇక్కడికి విషం" అన్నాడు.

చేసిన పనులు చెప్తా. మేత పూర్తిగా ఆపేశాం. తూము పై పలకలు తీసి పై పొర వాన నీళ్ళు బయటికి వదిలాం, కింద పలకలు కదపలేదు. ఏరియేటర్లు నాలుగూ ఒకేసారి వేసేద్దామని రైతు తొందర, వద్దన్నా, అడుగున పేరుకున్న గ్యాస్ అంతా ఒక్కసారి కలిస్తే గట్టు పక్కన బతికున్న రొయ్య కూడా పోద్ది. పొద్దెక్కి పైన ఆక్సిజన్ బాగున్నప్పుడు గట్టు వైపు రెండు వేశాం, డీవో చూసుకుంటా సాయంత్రానికి మూడోది, మర్నాడు నాలుగోది. సున్నం విషయంలో జాగ్రత్తపడ్డాం, కాల్చిన సున్నం వాడలేదు. అది పీహెచ్‌ని 9కి ఎగరేస్తే ఆ 2 పీపీఎం అమ్మోనియాలో విషం 0.9కి పోతుంది, ఒక గ్యాస్ నుంచి తప్పించి ఇంకో గ్యాస్‌కి అప్పజెప్పినట్టు. పొడి సున్నపురాయి ఎకరాకి 50 కేజీలు, రెండు విడతలుగా చల్లాం, అది మెల్లగా కరుగుతుంది, పీహెచ్‌ని 8 చిల్లర దాటనివ్వదు. మా టార్గెట్ 7.8 నుంచి 8. అక్కడ అమ్మోనియా 2 పీపీఎంలో విషం 0.15 దాటదు, సల్ఫైడ్‌లో విషం భాగం బాగా పడిపోతుంది, రెండింటికీ మధ్యలో రొయ్యకి దొరికే సందు అదే.

రెండో రోజు కూడా వలలో చచ్చిన రొయ్య వచ్చింది, అది ముందే దెబ్బతిన్నది. ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. పైకీ అడుగుకీ సెలినిటీ ఒకటే అయినాక, అడుగు డీవో 4 దాటినాక, మేత మామూలు దాంట్లో మూడో వంతు మొదలుపెట్టించా, ఈసారి ఒక ట్రే మధ్యలో కూడా పెట్టించి. పంట పూర్తిగా నిలబడిందని చెప్పను, మధ్యలో ఉన్న రొయ్య చాలానే పోయింది, మిగిలింది 70 కౌంట్‌లో పట్టేశారు, పెట్టుబడి చాలావరకు తిరిగొచ్చింది.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. పట్టుబడి అయ్యాక మోటారు దగ్గర సంపు గుంతలో నల్ల బురద తీయడానికి కుర్రాడు దిగబోయాడు, ముందు దీపం దించి చూస్తాం సార్, ఆరకపోతే దిగుతా అన్నాడు. పాత బావుల్లో పెద్దవాళ్ళు అట్టా చేసేవాళ్ళు, ఆక్సిజన్ బాగా తగ్గిన చోట దీపం ఆరిపోతుంది, నిజమే. కానీ హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో వెయ్యో వంతు ఉన్నా మనిషి కుప్పకూలిపోతాడు, దీపం మాత్రం వెలుగుతానే ఉంటుంది. పైగా ఇది మండే గ్యాస్. గాలి కంటే బరువు కాబట్టి గుంతల్లో అడుగునే ఉంటుంది. వాసన వస్తే బయటికి వచ్చేస్తాలే అనుకుంటే ఇంకా ప్రమాదం, 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయింది కదా అని ఇంకా కిందకి దిగుతారు. ఒకడు పడితే తీయడానికి ఇంకొకడు దిగుతాడు, ఇద్దరూ పోతారు. దయచేసి ఎవర్నీ దించకండి, మీ పిల్లల్ని దించరు కదా, పనివాళ్ళని కూడా దించకండి. బురద పంపుతో, పైనుంచి నీళ్ళ ప్రెజర్‌తో తీయండి, ఎంత ఆలస్యమైనా సరే.

గుంట ఎండగట్టాక మధ్యలో నల్ల మచ్చ బయటపడింది, నాలుగు ఏరియేటర్లు సరిగ్గా అక్కడికే చెత్తని తోసినట్టు పెట్టి ఉన్నాయి. ఆ మట్టి గీకించి గట్టు బయట పోయించి, అడుగు దున్నించి బీటలు ఇచ్చేదాకా ఎండనిచ్చాం, తడి కాగితం పరీక్ష మళ్ళీ చేస్తే తెల్లగానే ఉంది. పుస్తకంలో ఇప్పుడు టెంపరేచర్ గడి రెండు అయింది, పై నీళ్ళకి ఒకటి, అడుగుకి ఒకటి, థర్మామీటర్ బటన్ మీద కుర్రాడు టేపు అంటించేశాడు. వచ్చే పంటకి ఒక ఏరియేటర్‌ని ఏ మూలకి జరపాలనే దాని మీద రైతుకీ నాకూ ఇంకా మాటలు నడుస్తున్నాయి, ఆయన తూము వైపు అంటాడు, నేను తూర్పు గట్టు వైపు అంటున్నా, నీళ్ళు పెట్టాక రంగు పొడి వేసి నీళ్ళు ఎట్టా తిరుగుతున్నాయో చూసి తేల్చుకుంటాం.